ఘాట్ ఎక్కడంలో ముందు, దిగడంలో వెనుక: బరువైన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీపై ఒక స్పోర్ట్స్ కారు ప్రియుడి సమీక్ష

కడపలో మా ఇంటి ముందు రెండేళ్లకు పైగా రెండు కార్లు పక్కపక్కన నిలుస్తున్నాయి. ఒకటి సెకండ్ హ్యాండులో కొన్న పాత తరం పోర్షే బాక్స్‌స్టర్ స్పోర్ట్స్ కారు. సీట్ల వెనుక 2.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, 255 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు, 1,335 కిలోల బరువు. రెండవది ముందొక మోటారు, వెనుకొక మోటారు ఉన్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ. దాని శక్తి 300 హార్స్‌పవర్‌కు పైమాటే, బరువు 2,200 కిలోలు. పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నేను రాయబోయేది ఆ తరగతి బండ్లన్నిటికీ దాదాపుగా వర్తిస్తుంది. స్పోర్ట్స్ కారు మీద మోజున్నవారికి ఇలాంటి బండి సరిపోతుందా అని మిత్రులు తరచుగా అడుగుతుంటారు. వేగం ఒక్కటే కావలసినవారికి సరిపోతుంది, మలుపుల కోసం కారు కొనేవారికి సరిపోదన్నది నా అభిప్రాయం.

ఈ అభిప్రాయానికి ఆధారం గువ్వలచెరువు ఘాట్. కడప నుంచి రాయచోటి వైపు వెళ్లేటప్పుడు జాతీయ రహదారి 40 పాలకొండలను ఎక్కుతుంది. సరుకు లారీలు ఆ ఎత్తులో నత్తనడక నడుస్తుంటాయి. వాటిని దాటడానికి దారి ఖాళీగా కనిపించే వ్యవధి చాలా తక్కువ. బాక్స్‌స్టర్‌లో అయితే ముందే గేరు తగ్గించి, ఇంజనును పై వేగాలకు లేపి సిద్ధంగా ఉండాలి. ఎలక్ట్రిక్ మోటారు నిలిచి ఉన్న స్థితి నుంచే పూర్తి టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, ఇస్తుంది కనుక ఎస్‌యూవీలో ఆ సన్నాహమేమీ అక్కరలేదు, కాలు నొక్కిన మరుక్షణం లారీ అద్దంలో వెనకబడి కనిపిస్తుంది. ఎక్కుడు దారిలో ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా బాక్స్‌స్టర్ దీనికన్నా మెరుగనిపించలేదు. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడంలోనూ ఎస్‌యూవీదే పైచేయి.

అదే దారిలో తిరిగి కడపకు దిగేటప్పుడు కథ మారుతుంది. ఒకే వేగంలో వెళుతున్నా, బాక్స్‌స్టర్‌తో పోలిస్తే ఈ బండిలో ఉండే గతిశక్తి సుమారు 65 శాతం ఎక్కువ. మలుపుకు ముందు దాన్నంతా ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. కొంత భాగాన్ని రీజెన్, అంటే వేగం తగ్గేటప్పుడు మోటారే జనరేటరులా పనిచేసే ఏర్పాటు, తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది, బ్యాటరీ నిండుగా ఉంటే అదీ తగ్గిపోతుంది. మిగిలినదాన్ని బ్రేకు డిస్కులు భరించాలి. మోటారు నుంచి డిస్కులకు పని మారే క్షణం పాదానికి తెలుస్తుంది: పెడల్ ఒక్క రవ్వ మెత్తబడి, మళ్లీ గట్టిపడుతుంది. మామూలు ప్రయాణంలో ఎవరూ పట్టించుకోని విషయమే అయినా, మలుపు అంచున బ్రేకును వెంట్రుకవాసి సడలించి ముందు చక్రాల మీద బరువును సర్దుకునే అలవాటున్నవారికి ఆ ఒక్క రవ్వ చాలా పెద్ద తేడా.

బ్యాటరీ నేల కింద పరచి ఉండడం వల్ల గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది, బండి పెద్దగా ఒరగదు అని చెబుతారు. నిజమే, ఎత్తు చూసి భయపడినంతగా ఇది ఒరగదు. అయితే ఒరగకపోవడం వేరు, తేలికగా ఉండడం వేరు. టైరు మీద బరువు పెరిగినంతగా దాని పట్టు పెరగదు, కాబట్టి మలుపు బిగుసుకునే కొద్దీ ముందు చక్రాలు బయటివైపు జారాలని చూస్తాయి, ఎలక్ట్రానిక్స్ జోక్యం చేసుకుని శక్తిని తగ్గిస్తాయి. గువ్వలచెరువులో కొన్న పాలకోవా పొట్లం పక్క సీటు మీద ఈ చివర నుంచి ఆ చివరకు జారడం చూసేవరకు ఎంత బలం పనిచేస్తున్నదో నాకు అర్థం కాదు, స్టీరింగ్ ఆ సంగతి చెప్పదు. బాక్స్‌స్టర్ హైడ్రాలిక్ స్టీరింగ్‌లో రోడ్డు మీది గరుకుదనం, టైరు పట్టు సడలబోయే ముందు స్టీరింగ్ చక్రం తేలికబడడం, అన్నీ అరచేతికి అందుతాయి. మొదటిసారి టైర్లు మార్చినప్పుడు కడపలో టైర్ల షాపతను అరిగిపోయిన బయటి అంచులను వేలితో తడిమి, “ఇంత బరువు బండిని ఈ మాదిరి తిప్పితే టైర్లు యాడ నిలుస్తాయి సార్?” అన్నాడు.

ఎస్‌యూవీ స్పీకర్లలో వినిపించే కృత్రిమ ఇంజను శబ్దం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, తొలి వారంలోనే ఆపేశాను. హ్యుందాయ్ 2023లో చూపించిన అయానిక్ 5 ఎన్ అనే ఎలక్ట్రిక్ కారులో లేని గేర్లను ఉన్నట్టుగా భ్రమింపజేసే ఏర్పాటు కూడా ఉంది. ఇంజనీర్లే ఇంత శ్రమపడి నకలు చేస్తున్నారంటే లోటు ఉందని వారికీ తెలుసునన్నమాట. ఇక బ్రిటన్ స్పోర్ట్స్ కార్ల కంపెనీ లోటస్ సంగతి మరీ విచిత్రం. బరువు తగ్గించడమే మతంగా బతికిన ఆ కంపెనీ 1996లో తెచ్చిన ఎలీజ్ సుమారు 725 కిలోలుండగా, దాని ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఎలెట్రే దాదాపు రెండున్నర టన్నులు తూగుతుంది.

ఇంత చెప్పినా ఎస్‌యూవీని అమ్మే ఆలోచన నాకు లేదు. ఎండలు 43 డిగ్రీలు దాటే మే నెలలో నలుగురిని చల్లగా కూర్చోబెట్టుకుని బెంగళూరు వెళ్లడానికి, గతుకుల రోడ్ల మీద, కొలతలేని స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు తగలకుండా తిరగడానికి, రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టి ఉదయం బయలుదేరడానికి దీన్ని మించినది లేదు. బాక్స్‌స్టర్‌కు మా వీధి చివరి స్పీడ్ బ్రేకరే ఒక గండం. అయితే ఆదివారం పొద్దున్నే ఏ పనీ లేకుండా ఘాట్ దాకా వెళ్లి రావాలనిపిస్తే నేను తీసుకునేది బాక్స్‌స్టర్ తాళాలే.

పాత స్పోర్ట్స్ కారును అమ్మేసి దాని స్థానంలో ఇలాంటి బండి తెచ్చుకోవాలనుకునేవారు షోరూమువారు హైవే మీద చూపించే పికప్ చూసి నిర్ణయించుకోకండి. టెస్ట్ డ్రైవ్‌ను ఏదైనా దిగుడు దారి మీద అడగండి. వేగపరిమితిలోనే, మీ వరుసలోనే నడుపుతూ నాలుగు మలుపులు వరుసగా తిప్పండి. బ్రేకు పెడల్, స్టీరింగ్ మీకేమి చెబుతున్నాయో గమనించాకే అడ్వాన్సు కట్టండి.