బెట్టీహిల్ స్ట్రాత్‌నేవర్ మ్యూజియం: చిన్నదే, కానీ అరపూట సరిపోదు

అబర్డీన్‌లో నాతో పనిచేసే కెనడా అతనొకడున్నాడు, ఇంటిపేరు మెకే. వాళ్ళ పూర్వీకులు స్కాట్లాండ్ ఎందుకు వదిలి వెళ్ళారో చెప్తామన్న ఒక ఆన్‌లైన్ వంశవృక్షం కంపెనీకి బాగానే డబ్బు కట్టాడు. వాళ్ళు పంపింది ఫ్రేమ్ కట్టిన ఒక 'కుటుంబ చిహ్నం', దాని కింద 'మెరుగైన జీవితం కోసం వలస వెళ్ళారు' అని ఒక లైను. స్కాట్లాండ్‌లో ఆ చిహ్నం మనిషికి ఇస్తారు తప్ప ఇంటిపేరుకి ఇవ్వరు, అదో సంగతి. సరే, మీ పూర్వీకుల ఊరే చూసొద్దాం పద అని ఇద్దరం కారు తీసుకుని స్కాట్లాండ్ ఉత్తరం కొసనున్న బెట్టీహిల్‌కి బయల్దేరాం.

మ్యూజియం అంటే పెద్ద బిల్డింగ్ ఊహించుకోకండి, తెల్లటి పాత చర్చి, చుట్టూ సమాధులు. పడమటి వైపు మనిషికంటే ఎత్తున్న చెక్కుడు రాయి ఒకటుంది, వెయ్యేళ్ళ పైనాటిది, దాన్ని మాత్రం వదలొద్దు. లోపల నన్ను కదలనివ్వనిది పాస్టరు నిలబడి ప్రసంగం చెప్పే చెక్క పుల్పిట్. 1819లో ఈ స్ట్రాత్‌నేవర్ లోయలోని కౌలు రైతుల్ని ఇళ్ళు ఖాళీ చేయమన్న నోటీసులు చదివింది అక్కణ్ణుంచే అంటారు. వాక్యం వినే చోటే ఆ మాటా వినాల్సి వచ్చిందన్నమాట.

అసలు ఆ భూమి ఎవరిది? తరతరాలుగా దున్నుకుంటున్నాం, మా తెగ నాయకుడి నేల మాదీ అని ఆ రైతుల నమ్మకం, చేతిలో కాగితం మాత్రం లేదు. 1746లో కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటు చేసిన తెగలు ప్రభుత్వ సైన్యం చేతిలో ఓడిపోయాక, 1747లో తెగ నాయకుల వంశపారంపర్య తీర్పు అధికారాలు కూడా పోయాక, ఆ నాయకులకి కత్తి పట్టి వెంట నడిచే జనంతో పనిలేకపోయింది, కావాల్సింది కౌలు డబ్బు. వంద కుటుంబాల దగ్గర వసూలు చేసే తలనొప్పి కంటే చెవియట్ అనే జాతి గొర్రెలు తోలుకొచ్చే ఒక్క ఆసామి నయం కదా. మా తాతది కౌలు సేద్యమే, పాసుపుస్తకంలో పేరు లేనివాడి సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ యజమాని సదర్లాండ్ కౌంటెస్ ఎలిజబెత్. 1814లో ఈ లోయలో జనాన్ని ఖాళీ చేయించింది ఆమె ఎస్టేట్ ఉద్యోగి పాట్రిక్ సెల్లర్, తీరా చూస్తే ఆ భూమిని గొర్రెలకి కౌలు తీసుకున్నదీ ఆయనే! ఆ ఖాళీ చేయింపులో ఒక ముసలామె చావు విషయంలో ఆయన మీద కేసు నడిచింది, 1816లో ఇన్వర్‌నెస్ కోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఖాళీ చేయించేటప్పుడు ఇంటి కప్పు దూలాలు ఎందుకు కాల్చారో నాకు ఇక్కడికొచ్చాకే అర్థమైంది: అప్పట్లో ఆ చెట్టూచేమా లేని ప్రాంతంలో కలప దొరకదు, రాయి ఎక్కడైనా దొరుకుతుంది, దూలం పోతే మళ్ళీ ఇల్లు లేవదు.

చాలామంది ఇక్కణ్ణుంచి నేరుగా ఓడెక్కలేదు, ముందు సముద్రం ఒడ్డుకి తోశారు, కడుపు నిండనంత చిన్న నేల ముక్కలిచ్చి చేపలు పట్టుకోమన్నారు. బెట్టీహిల్ అలా పుట్టిన ఊరే, పేరు కూడా ఆ ఎలిజబెత్‌దే అంటారు. పక్కనున్న కిల్డోనన్ వాళ్ళు కొందరు 1813లోనే రెడ్ రివర్‌కి, అంటే కెనడాలో ఇప్పటి విన్నిపెగ్ వైపు వెళ్ళారు. 1846లో బంగాళాదుంప తెగులు పడ్డాక ఉత్తర స్కాట్లాండ్ కొండల్లోంచి ఇంకా ఎందరో. మెరుగైన జీవితం అన్నది పచ్చి అబద్ధమేం కాదు, చేతిలో నాలుగు డబ్బులుండి ఇష్టపడి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, కానీ అందరికీ ఒకటే లైను రాసి పడేస్తే ఎలా? చిన్న రైతుని ఊరికే వెళ్ళగొట్టకూడదన్న చట్టం 1886లో గానీ రాలేదు.

మ్యూజియంతో పాటు రోసల్‌కి, అంటే అలా ఖాళీ చేయించిన ఒక పల్లెకి, తప్పకుండా వెళ్ళండి, కారులో అరగంట. తర్వాతి కాలంలో నాటిన అడవి మధ్య ఖాళీ జాగా, మోకాలెత్తు రాళ్ళ వరసలు, ఇళ్ళున్న చోట గడ్డి ఇంకా పచ్చగా ఉంటుంది. మావాడు ఒక గోడ పొడవు అడుగులేసి కొలిచాడు, మాట్లాడలేదు. ఎండాకాలం అయితే మిడ్జెస్ అనే బుల్లి దోమలు మొహం మీదే వాలతాయి, తలకి వల కొనుక్కోండి. పెట్రోలు ముందే నింపుకోండి, దారంతా ఒక్క బండి పట్టే రోడ్డు. చలికాలంలో అయితే మ్యూజియం తెరిచి ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి.

నా వైపు నుంచి 5 స్టార్లు. మావాడు రోసల్ ఫొటోలు పెట్టి ఆ వంశవృక్షం కంపెనీకి రీఫండ్ అడుగుతూ మెయిల్ కొట్టాడు, ఇంకా రిప్లై లేదు.