సికింద్రాబాద్‌లో పుట్టిన ఆటగాడి వీడ్కోలుకు కోల్‌కతా ప్రయాణం

2024 జూన్ 6న కోల్‌కతాలోని సాల్ట్ లేక్ స్టేడియంలో కువైట్‌తో జరగబోయే ప్రపంచ కప్ అర్హత మ్యాచే తన చివరి అంతర్జాతీయ మ్యాచ్ అని భారత ఫుట్‌బాల్ జట్టు నాయకుడు సునీల్ ఛెత్రీ మే నెల నడుమ ప్రకటించిన సాయంత్రమే మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఆయన పుట్టింది మన సికింద్రాబాద్‌లో. మనం వెళ్లకపోతే ఏం బాగుంటుంది?" అన్నాడు. తండ్రి సైన్యంలో ఉండటం వల్ల ఛెత్రీ 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో పుట్టాడే గాని ఆట నేర్చుకున్నది ఇక్కడ కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసినా, ప్రయాణానికి ఒక సాకు కావాలి కనుక దానినే పట్టుకుని ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీసుకున్నాం.

నాకు మరొక కారణం కూడా ఉంది. మా పెదనాన్నగారు ఫతే మైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆడిన రోజుల గురించి చెబుతూ ఉండేవారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒకప్పుడు బడిపంతులు. భారత జట్టు శిక్షకుడిగా ఆయన 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించారు. నడుమ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఆ పోటీల్లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగేళ్ల ముందు హెల్సింకీలో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారన్న సంగతి గుర్తుంచుకుంటేనే ఆ నాలుగో స్థానం విలువ తెలుస్తుంది. ఇంత చరిత్ర మన ఊరి మనిషి చేతి మీదుగా నడిచినా, దానిని తలుచుకోవడానికి మాత్రం మనం కోల్‌కతా వెళ్లాలి. ఎందుకు అన్నదే ఆ 26 గంటల రైలు ప్రయాణంలో మా ఇద్దరి చర్చ.

రైలు గురించి రెండు మాటలు చాలు. జూన్ మొదటి వారం కావడంతో స్లీపర్ పెట్టె వేడికి ఉడికిపోయింది. అర్ధరాత్రి వేళ రాజమండ్రి దగ్గర గోదావరి గాలి తగిలే వరకు కన్ను మూతపడలేదు. వేసవిలో ఈ దూరం వెళ్లేవారు నాలుగు డబ్బులు ఎక్కువైనా ఏసీ పెట్టెలోనే వెళ్లడం మేలు.

హౌరాలో దిగగానే నది కిందుగా వెళ్లే మెట్రో ఎక్కవచ్చు. ఆ మార్గం 2024 మార్చిలోనే ప్రారంభమైంది. హుగ్లీ అడుగున సొరంగం దాటడానికి నిమిషం కూడా పట్టదు, పది రూపాయలకు ఎస్‌ప్లనేడ్‌లో దించుతుంది. అయితే మేము వెళ్లిన నాటికి ఆ లైను రెండు ముక్కలుగా ఉండేది. ఎస్‌ప్లనేడ్ నుంచి సియాల్దా వరకు పని పూర్తికానందున, నడుమ బస్సులో వెళ్లి, సియాల్దాలో మళ్లీ మెట్రో ఎక్కి సాల్ట్ లేక్ స్టేడియం స్టేషన్‌లో దిగవలసి వచ్చింది. 2025 ఆగస్టులో ఆ ఖాళీ కూడా పూడింది కనుక ఇప్పుడు వెళ్లేవారికి హౌరా నుంచి స్టేడియం దాకా ఒకే బండి. ఒక్క ఈ మార్పుతోనే నా తర్వాతి సలహా సగం తారుమారైంది.

ఆ సలహా బస గురించి. స్టేడియం దగ్గరగా ఉంటే రాత్రి తిరిగి రావడం సులువని మొదటి రెండు రాత్రులకు సాల్ట్ లేక్‌లో ఒక గెస్ట్ హౌస్ తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, వీధి ప్రశాంతంగా ఉంది, అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. రాత్రి పది దాటితే భోజనం దొరకదన్న సంగతి గది ఇచ్చేటప్పుడు చెప్పకుండా, మ్యాచ్ ముగించుకుని ఆకలితో వచ్చాక చెప్పారు. బిస్కెట్లతో సరిపెట్టుకుని పడుకున్నాం. తర్వాతి రెండు రాత్రులు చాందినీ చౌక్‌లో ఒక పాత లాడ్జిలో గడిపాం. లిఫ్టు లేదు, మూడో అంతస్తు, స్నానాల గదిలో కుళాయి తనకు నచ్చినప్పుడే వస్తుంది. అయినా ఫుట్‌బాల్ కోసం ఆ నగరానికి వెళ్లేవారికి నేను రెండోదాన్నే సూచిస్తాను. మైదాన్ అనే పెద్ద పచ్చికబయలు, అందులోని క్లబ్బుల టెంట్లు, జెర్సీలు అమ్మే దుకాణాల వరుస, అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే హోటళ్లు, అన్నీ అక్కడి నుంచి నడకదూరమే. సాల్ట్ లేక్‌లో దొరికేది మ్యాచ్ మాత్రమే, ఆ మ్యాచ్ వెనుక ఉన్న మనుషులు మైదాన్‌లో దొరుకుతారు.

మ్యాచ్ రోజున ఐదు గంటలకే స్టేడియం చేరుకున్నా, లోపల అడుగుపెట్టేసరికి ఆరున్నర దాటింది. మా వైపు గేటు దగ్గర వరుస రెండుసార్లు చెదిరిపోయి మళ్లీ మొదటి నుంచి నిలబడవలసి వచ్చింది. నీళ్ల సీసాలు బయటే తీసేసుకున్నారు, లోపల నీళ్లు అమ్మే చోటు కనుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చొక్కా పిండితే చెమట కారే ఉక్కలో ఇది చిన్న విషయమేమీ కాదు. కూర్చున్న తర్వాత మరొక లోపం తెలిసింది. ఆట స్థలానికి, ప్రేక్షకులకు నడుమ పరుగుపందేల ట్రాక్ ఉండటం వల్ల ఆటగాళ్లు దూరంగా కనిపిస్తారు. ఈ స్టేడియంలోనే 1997లో నగరంలోని రెండు పెద్ద క్లబ్బులైన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్ల ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు లక్షా ముప్పై వేల మందికి పైగా వచ్చారు. 2017 అండర్-17 ప్రపంచ కప్ కోసం కుర్చీలు వేసి బాగుచేసిన తర్వాత ఆ సంఖ్యకు చోటు లేదు. అయినా ఆ రోజు వచ్చిన సుమారు 58 వేల మంది ఒక్కసారిగా "సునీల్, సునీల్" అని అరిచినప్పుడు నా పక్కనున్న తమ్ముడి మాట కూడా నాకు వినబడలేదు.

మేము కూర్చున్నది బ్లూ పిల్‌గ్రిమ్స్ అనే అభిమాన సంఘానికి దగ్గరలో. 2017లో మొదలైన ఈ సంఘం వారు జాతీయ జట్టు ఎక్కడ ఆడినా నీలిరంగు చొక్కాలతో, డప్పులతో వెళ్తారు. తొంభై నిమిషాలూ నిలబడే ఉంటారు, రెండు చేతులూ పైకెత్తి ఒక్కో చప్పట్టు మెల్లగా కొడుతూ వేగం పెంచుతారు. ఇది క్లబ్ అభిమానం కంటే కష్టమైన పని అని నాకనిపించింది. క్లబ్బుకు పేట ఉంటుంది, తాతల నాటి జ్ఞాపకం ఉంటుంది, వారం వారం మ్యాచ్ ఉంటుంది. జాతీయ జట్టు ఏడాదికి పది పన్నెండు సార్లు, ఒక్కోసారి ఒక్కో ఊళ్లో ఆడుతుంది. 2018 జూన్‌లో ముంబయిలో చైనీస్ తైపీతో ఆడిన మ్యాచ్‌కు మూడు వేల మంది కూడా రాకపోతే, మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కాని స్టేడియానికి రండి అని ఛెత్రీ వీడియోలో వేడుకోవలసి వచ్చింది. తర్వాత కెన్యాతో ఆడిన మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. పిలిస్తే తప్ప రాని అభిమానాన్ని పిలవకపోయినా వచ్చేలా చేయాలన్నదే ఈ సంఘం ప్రయత్నం.

ఆట విషయానికి వస్తే అది మంచి మ్యాచ్ కాదు. 2023 నవంబరులో కువైట్ గడ్డ మీద మన్వీర్ సింగ్ గోల్‌తో గెలిచిన జట్టు ఇదేనా అనిపించింది. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడటం వల్ల ఈ మ్యాచ్ తప్పక గెలవవలసినదయింది, ఆ బరువు కాళ్లలో తెలుస్తూనే ఉంది. రెండో సగం మొదట్లో ప్రత్యామ్నాయంగా దిగిన రహీం అలీకి గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉన్న అవకాశం వచ్చింది, అది గోల్‌కీపర్ చేతిలోనే ఆగింది. రహీం పేరు ఈ రాత్రికి కలిసిరాలేదని తమ్ముడు గొణిగాడు. చివరికి 0-0. ఛెత్రీ 151 మ్యాచ్‌ల లెక్క 94 గోల్స్ దగ్గరే ఆగింది. సహచరులు రెండు వరుసల్లో నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆయన కళ్లు తుడుచుకుంటూ నడుచుకుని వెళ్లాడు. మైదానం చుట్టూ తిరిగి చేతులు జోడించాడు. మా వెనుక వరుసలో మోహన్ బగాన్ ఆకుపచ్చ-మెరూన్ కండువా కప్పుకున్న ఒక పెద్దాయన వెక్కి వెక్కి ఏడ్చారు. ఛెత్రీ 2002లో వృత్తి ఆటగాడిగా మొదలైంది ఆ క్లబ్బులోనే, పైగా ఆ క్లబ్ దిగ్గజం సుబ్రత భట్టాచార్యకు అల్లుడు. కోల్‌కతా ఏడ్చింది దేశ నాయకుడి కోసమా, ఇంటి అల్లుడి కోసమా అంటే తేల్చి చెప్పలేను.

మర్నాడు మైదాన్‌లో తిరిగాం. ఈడెన్ గార్డెన్స్ సమీపంలో గోష్ఠ పాల్ విగ్రహం ఉంది. వట్టి కాళ్లతో రక్షణలో నిలబడి చైనా గోడ అనిపించుకున్న ఆయన పద్మశ్రీ అందుకున్న తొలి ఫుట్‌బాల్ ఆటగాడు. 1911లో మోహన్ బగాన్ బ్రిటిష్ సైనికుల జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ పోటీ గెలిచిన కథను టెంట్ బయట టీ అమ్మే మనిషి కూడా తన కళ్లతో చూసినట్టు చెప్పాడు. మధ్యాహ్నం భోజనంలో ఇలిష్ కావాలా, చింగ్డీ కావాలా అని హోటల్ వడ్డించే అతను నవ్వుతూ అడిగాడు. ఇలిష్ అంటే మన పులస జాతి చేప, అది ఈస్ట్ బెంగాల్ వారిది. చింగ్డీ అంటే రొయ్య, అది మోహన్ బగాన్ వారిది. గోదావరి పులస తిన్న నోటికి ఆ ఇలిష్ కొంచెం చప్పగా అనిపించింది, పైగా సీజన్ ముందు కావడంతో ధర చూసి గుండె జారింది. రొయ్య తిన్న తమ్ముడు ఏ విచారమూ లేకుండా లేచాడు.

మూడో రోజు మేము హౌరా నుంచి లోకల్ రైలులో ఉత్తరపాడా వెళ్లాం. మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్ వీరుడిగా ఎదిగి, ఆ హుగ్లీ ఒడ్డున ఊళ్లోనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేసింది ఆయనే. జకార్తా స్వర్ణ జట్టులోనూ ఉన్నారు. అనారోగ్యం వల్ల మూడు పదులు నిండకుండానే ఆట మానుకోవలసి వచ్చింది. ఆయన ఇల్లు వెతకడం మా ఉద్దేశం కాదు, నది ఒడ్డున కాసేపు కూర్చుని వచ్చేశాం. ఘాట్ మెట్ల మీద చేపలు పడుతున్న ముసలాయనకు బలరాం పేరు చెప్పగానే గాలం పక్కన పెట్టి, ఎడమవైపు నుంచి ఆయన ఎలా దూసుకువచ్చేవారో చేతితో గీసి చూపించారు. జకార్తా ఫైనల్లో తలకు కుట్లతో జర్నైల్ సింగ్ గోల్ చేసిన సంగతి, ప్రేక్షకులంతా మనకు ఎదురుతిరిగి అరిచిన సంగతి ఆయన చెప్పుకుపోతుంటే పెదనాన్నగారు గుర్తొచ్చారు. దక్షిణ కొరియాను 2-1తో గెలిచిన ఆ మ్యాచ్ తర్వాత ఏడాది తిరగకుండానే రహీం క్యాన్సర్‌తో పోయారు.

మేము కోల్‌కతా వెళ్లివచ్చిన 2024లోనే సెప్టెంబరులో గచ్చిబౌలిలో భారత జట్టు మారిషస్‌తో 0-0గా ముగించి, సిరియా చేతిలో 0-3తో ఓడింది. నవంబరులో అక్కడే మలేషియాతో 1-1 అయింది. ఈ మూడింటిలో రెండు మ్యాచ్‌లకు వెళ్లాను. సౌకర్యాల వరకు చూస్తే మనదే నయం. లోపలికి వెళ్లడానికి పావుగంట పట్టింది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, నీళ్లు చేతికందే దూరంలో దొరికాయి. కాని నేను కూర్చున్న వైపు ఖాళీ కుర్చీలే ఎక్కువ. మైదానంలో జరుగుతున్నది అర్థం చేసుకుని ముందే లేచి నిలబడే గుంపు లేదు, పక్కవారితో వాదన లేదు. కోల్‌కతాలో కార్నర్ కిక్ తీసుకునేలోపే వెనుక నుంచి ఎవరు ఎక్కడ నిలబడాలో నలుగురు ఆదేశాలిచ్చేవారు. సౌకర్యం కావాలంటే గచ్చిబౌలి, ఆట కావాలంటే అష్టకష్టాలు పడి సాల్ట్ లేక్ అన్నది నా లెక్క.

ఇక ఆ వీడ్కోలు సంగతి. 2025 మార్చిలో ఛెత్రీ విరమణ వెనక్కి తీసుకుని, 19న షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద తలతో గోల్ చేశాడు. భారత్ 3-0తో గెలిచింది. 2023 నవంబరు కువైట్ మ్యాచ్ తర్వాత జట్టుకు అదే మొదటి గెలుపు. ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేసి సంతోషం చెప్పుకున్నాక, కాసేపు ఆగి, "అన్నయ్యా, మన ఫలక్‌నుమా టికెట్ల డబ్బు ఎవరిని అడగాలి?" అన్నాడు.