అక్కర్లేని వైఫై పేర్లు తీసేయడం: విండోస్ 7 నుంచి 11 దాకా నా అనుభవం

ల్యాప్‌టాప్ వెంటేసుకుని తిరిగే ఉద్యోగం నాది. హోటళ్లు, విమానాశ్రయాలు, క్లయింట్ల ఆఫీసులు, చుట్టాల ఇళ్లు, ఒక్కసారి కనెక్ట్ అయిన ప్రతి వైఫై పేరూ మెషీన్‌లో ఉండిపోతుంది. వాటిని ఎప్పటికప్పుడు తీసేయడం విండోస్ 7 రోజుల నుంచీ నాకు అలవాటు. ఇన్నేళ్లు వాడాక విండోస్‌లో ఈ ఏర్పాటు గురించి నా అభిప్రాయం ఇది: తీసే పని బాగా చేస్తుంది, కానీ అన్నిటికంటే ఉపయోగపడే సదుపాయాన్ని ఎవరికీ కనపడని చోట పెట్టింది.

ముందు ఒక తేడా చూడాలి. టాస్క్‌బార్‌లో వైఫై గుర్తు నొక్కితే వచ్చే లిస్టులో రెండు రకాల పేర్లుంటాయి. కొన్ని మనం ఒకప్పుడు పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ అయినవి, కంప్యూటర్ గుర్తుపెట్టుకున్నవి. మిగతావి చుట్టుపక్కల వాళ్ల రౌటర్లవి. రౌటర్ తన పేరును సెకనుకు దాదాపు పదిసార్లు గాల్లోకి చాటుతుంది, మన మెషీన్ దాన్ని విని చూపిస్తుంది, అంతే. ఫర్గెట్ అనే బటన్ మొదటి రకానికే పనికొస్తుంది. పక్కింటి వైఫై పేరు మీద రైట్ క్లిక్ చేస్తే ఆ మాటే కనపడదు. మనం గుర్తుపెట్టుకున్నదాన్ని ఫర్గెట్ చేసినా, రౌటర్ దగ్గర్లో ఉన్నంతసేపూ పేరు లిస్టులో కనిపిస్తూనే ఉంటుంది. కాకపోతే మెషీన్ తనంతట తాను దానికి కనెక్ట్ కాదు.

గుర్తుపెట్టుకున్నవాటిని తీయడం విండోస్ 7లో నాకు బాగా నచ్చేది. అన్ని పేర్లూ ఒకే చోట, వరుస క్రమంతో సహా ఉండేవి, పైనున్నదానికి ముందు కనెక్ట్ అయ్యేది. 2012లో వచ్చిన విండోస్ 8లో ఆ పేజీ పోయింది. ఇప్పుడు సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్‌కి వెళ్లాలి. వెతకడానికి పెట్టె ఉంది, అక్షర క్రమంలో పేర్చుకోవచ్చు. పేరు పక్కనే ఫర్గెట్ ఉంటుంది. నొక్కగానే పోతుంది, "నిజంగా తీసేయమంటారా" అని అడగదు. అందుకని మళ్లీ అవసరం పడొచ్చు అనుకునేవాటి పాస్‌వర్డ్ ముందే రాసిపెట్టుకోండి; విండోస్ 11లో అయితే అదే పేజీలో నెట్‌వర్క్ పేరు తెరిచి పాస్‌వర్డ్ చూసుకోవచ్చు. నాకున్న ఫిర్యాదల్లా ఒకేసారి నాలుగైదు టిక్ పెట్టి తీసేసే వీలు లేకపోవడం. లిస్టు పొడుగ్గా ఉంటే ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చోవాలి.

అలాంటప్పుడు నేను కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైప్ చేసే విండో, వాడతాను. నెట్‌ష్ (netsh) అనే కమాండ్ తర్వాత వరసగా డబ్ల్యూలాన్ (wlan), షో, ప్రొఫైల్స్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే గుర్తున్న పేర్లన్నీ వస్తాయి. షో ప్రొఫైల్స్ బదులు డిలీట్ ప్రొఫైల్ అని, చివర్లో నేమ్, సమానం గుర్తు, కోట్స్‌లో ఆ పేరు ఇస్తే ఒకటి పోతుంది. పని ఇట్టే అయిపోతుంది.

ఏవి ముందు తీయాలంటే, పాస్‌వర్డ్ లేని ఓపెన్ నెట్‌వర్క్‌లు. ఈ విషయం నేను గట్టిగా చెప్తాను. ఓపెన్ వైఫైని కంప్యూటర్ గుర్తుపట్టేది ముఖ్యంగా పేరును బట్టే. మీరెప్పుడో ఒక కేఫ్‌లో ఆటోమేటిక్‌గా కనెక్ట్ కావడానికి టిక్ పెట్టి ఉంటే, రేపు ఇంకెవరైనా అదే పేరుతో ఓపెన్ వైఫై పెట్టినా మీ మెషీన్ దానికి కనెక్ట్ అయిపోవచ్చు. పాస్‌వర్డ్ ఉన్నవాటితో ఈ భయం చాలా తక్కువ, ఎందుకంటే పేరు కాపీ కొట్టినవాడికి పాస్‌వర్డ్ తెలియదు. పేరు దాచిపెట్టిన నెట్‌వర్క్‌లు కూడా తీసేయదగ్గవే. వాటికి తనంతట తాను కనెక్ట్ కావాలని పెట్టుకుంటే, మెషీన్ ఎక్కడికి వెళ్లినా "ఫలానా పేరున్న రౌటర్ ఉందా" అని బయటికి అడుగుతూ ఉంటుంది.

ఇక అసలు మంచి సదుపాయం. పక్కవాళ్ల పేర్లు లిస్టులో కనపడకుండా చేయడానికి విండోస్‌లో ఫిల్టర్ ఉంది. సెట్టింగ్స్‌లో ఎక్కడా లేదు, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లోనే ఉంది. నెట్‌ష్ డబ్ల్యూలాన్ తర్వాత యాడ్ ఫిల్టర్ అని కొట్టి, పర్మిషన్‌కి బ్లాక్, ఎస్ఎస్ఐడీకి (ssid, వైఫై పేరుకి వాడే మాట) ఆ పేరు, నెట్‌వర్క్‌టైప్‌కి ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అని ఇవ్వాలి. ఒక్కోదానికీ మధ్యలో సమానం గుర్తు. ఎంటర్ కొట్టాక ఆ పేరు మాయం. రీస్టార్ట్ చేసినా తిరిగి రాదు. మళ్లీ కావాలంటే యాడ్ బదులు డిలీట్ అని అదే వాక్యం కొట్టాలి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌లో నేను పక్క ఫ్లాట్ల పేర్లన్నీ ఇలా బ్లాక్ చేశాను. అంతకుముందు వాళ్లు పొరపాటున వేరే పేరు నొక్కి, పాస్‌వర్డ్ అడుగుతోందని టెన్షన్ పడి ఫోన్ చేసేవాళ్లు. ఇప్పుడు లిస్టులో మా ఇంటి పేరొక్కటే ఉంటుంది. ఇంత మేలు చేసేదానికి మైక్రోసాఫ్ట్ ఒక బటన్ ఇవ్వకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

దీనికి పరిమితులున్నాయి. ఫిల్టర్ పేరు మీదే పనిచేస్తుంది, కాబట్టి పక్కవాళ్లు పేరు మార్చుకుంటే కొత్త పేరు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అన్నిటినీ ఒక్క దెబ్బకి దాచి, మనదాన్ని మాత్రం అనుమతించే పద్ధతి కూడా ఉంది. దాన్ని ఇంట్లో కదలకుండా ఉండే కంప్యూటర్‌లోనే వాడమంటాను. ప్రయాణాల్లో వాడే ల్యాప్‌టాప్‌లో పెడితే కొత్త చోట ఒక్క వైఫై కూడా కనపడదు, ఎందుకో విండోస్ చెప్పదు. ఏమేం బ్లాక్ అయి ఉన్నాయో చూడాలంటే నెట్‌ష్ డబ్ల్యూలాన్ తర్వాత షో ఫిల్టర్స్ కొట్టాలి.

ఎంతకీ పోని పేరు కొన్నిసార్లు మన ఇంట్లోదే అయి ఉంటుంది. డైరెక్ట్ అనే మాటతో మొదలయ్యే పేరు సాధారణంగా ప్రింటరుదో టీవీదో. కంప్యూటర్‌లో దాచే బదులు ప్రింటర్ మెనూలో వైఫై డైరెక్ట్ (రౌటర్ లేకుండా నేరుగా కనెక్ట్ అయ్యే ఏర్పాటు) ఆపేస్తే సరి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో గ్రూప్ పాలసీ (కంపెనీ తన కంప్యూటర్లన్నిటికీ ఒకే చోట నుంచి పెట్టే సెట్టింగ్స్) ద్వారా వచ్చిన నెట్‌వర్క్ అయితే మనం తీయలేం, ఐటీ వాళ్లని అడగాల్సిందే.

మ్యాక్ కూడా వాడాను. తీయడం సులువే, వైఫై సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్తే పేర్లన్నీ ఉంటాయి. కానీ ఐక్లౌడ్ కీచెయిన్ (యాపిల్ పరికరాల మధ్య పాస్‌వర్డ్‌లు పంచుకునే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఇక్కడ తీసింది మీ ఐఫోన్‌లోనూ పోతుంది. లినక్స్ రకమైన ఉబుంటులో ఒకే వైఫైకి చివర 1 అంకె తగిలించిన రెండో పేరు తయారవడం చూశాను. ఎన్ఎంసీఎల్ఐ (nmcli) కమాండ్‌తో కనెక్షన్ డిలీట్ అని కొడితే అదీ పోతుంది.

ల్యాప్‌టాప్ ఇంకొకరికి ఇచ్చే ముందు మాత్రం అన్నీ ఒకేసారి తీసేస్తాను. ఇందాకటి డిలీట్ ప్రొఫైల్ కమాండ్‌లో పేరు ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తు పెడితే చాలు. ఆ క్షణంలో వాడుతున్న వైఫై కూడా తెగిపోతుంది కాబట్టి ఫైళ్ల కాపీలు, డౌన్‌లోడ్లు ముందే పూర్తి చేసుకోండి.