పేరు అడగని రిలే: ఏడు నెలల వాడకం తర్వాత

నేను తాగుడు మానేసి రెండేళ్లు దాటింది. ఆ అనుభవాలను పేరు చెప్పకుండా రాస్తుంటాను. ఫోను నంబరు అడిగే చోట అవి రాసే ధైర్యం నాకు లేదు, అందుకే ఏ ఒక్క సంస్థ చేతిలోనూ లేని సోషల్ నెట్‌వర్క్ అయిన నాస్టర్‌కు వచ్చాను. ఇక్కడ ఖాతా అంటే ఒక డిజిటల్ తాళంచెవుల (కీల) జత, అంతే: ఒకటి అందరికీ చూపే పబ్లిక్ కీ, రెండోది మన దగ్గరే దాచుకునే రహస్య కీ. మన రాతలను భద్రపరచి, అడిగినవారికి అందించే సర్వర్లను రిలేలు అంటారు.

మొదట ఉచిత రిలేలే వాడాను. తాళంచెవి పుట్టించడానికి పైసా ఖర్చు లేదు కాబట్టి స్పామర్లు ఎన్ని ఖాతాలైనా తెరుస్తారు. ‘మళ్లీ తాగాలనిపిస్తోంది’ అని ఒక రాత్రి రాస్తే, గంటలో నలభైకి పైగా జవాబులు వచ్చి పడ్డాయి. డబ్బు రెట్టింపు చేస్తామనే ప్రకటనలు! వాటి మధ్య ఎవరో రాసిన ‘మేలుకునే ఉన్నాను, మాట్లాడండి’ అన్న మాట మరునాడు గానీ నా కంటపడలేదు.

అందుకే ప్రవేశ రుసుము తీసుకునే రిలేకు మారాను. చెల్లింపు బిట్‌కాయిన్‌లో, చిన్న మొత్తాలను త్వరగా పంపే లైట్నింగ్ నెట్‌వర్క్ ద్వారా. నా పబ్లిక్ కీ అతికించగానే క్యూఆర్ కోడ్ వచ్చింది. మొదటిసారి ఆ నెట్‌వర్క్‌లో డబ్బు చేరే దారి దొరకక చెల్లింపు ఆగిపోయింది, రెండోసారి మూడు సెకన్లలో పూర్తయింది. ఒక బిట్‌కాయిన్‌కు పది కోట్ల సతోషీలు. నేను కట్టింది కొన్ని వేల సతోషీలు, అదీ ఒక్కసారే. వెయ్యి దొంగ ఖాతాలు నడిపేవాడు మాత్రం వెయ్యిసార్లు కట్టాలి. ఈ ఏడు నెలల్లో ఒకే ఒక్క ప్రకటన చొరబడింది. నిర్వాహకులు ఆ కీని నిషేధించారు, అతను కట్టిన రుసుమూ పోయింది.

డబ్బుకు బదులు కంప్యూటర్ చేత లెక్క చేయించే పద్ధతీ ఉంది. ఈమెయిల్ చెత్తను ఆపడానికి ఆడమ్ బ్యాక్ 1997లో తెచ్చిన హ్యాష్‌క్యాష్ అదే, బిట్‌కాయిన్ మైనింగ్‌కూ అదే ఆధారం. నాస్టర్‌లో దాన్నీ ప్రయత్నించాను. 20 బిట్ల కష్టస్థాయికి సగటున పది లక్షలకు పైగా హ్యాష్‌లు (సరైన ఫలితం దొరికేదాకా కంప్యూటర్ మళ్లీ మళ్లీ చేసే లెక్కలు) వేయాలి. నా పాత ఫోను వేడెక్కిపోయింది. శక్తిమంతమైన యంత్రాలున్న స్పామర్‌కు అదేమంత పని? రుసుమే నయం.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బిట్‌కాయిన్లు కొనుక్కునే ఎక్స్ఛేంజీలు చాలావరకు గుర్తింపు పత్రాలు అడుగుతాయి. అక్కడి నుంచి నేరుగా రిలేకు కట్టకండి, ముందు సొంత వాలెట్‌లోకి (బిట్‌కాయిన్లు ఉంచుకునే యాప్‌లోకి) మార్చుకోండి.

నన్ను బాధించిన లోపం వేరు. వాలెట్ లేనివారికి తలుపు మూసే ఉంటుంది. తాగడం మానేసి మూడు వారాలైన ఒకతను లోపలికి రాలేక అల్లాడిపోయాడు. అదృష్టవశాత్తు ఈ రిలేలో ఎవరి కీకైనా ఎవరైనా కట్టవచ్చు, నేనే కట్టాను. ఆ సాయంత్రమే అతను రాశాడు: ‘ఇరవై రెండో రోజు.’ కింద ఆరు జవాబులు వచ్చాయి, ఒక్క ప్రకటన లేదు.