బాల్కనీ ఉంది, కూర్చునే వీలే లేదు

క్రూయిజ్‌లో బాల్కనీ క్యాబిన్ తీసుకునేవాళ్లు ఆ అదనపు డబ్బు దేనికి కడతారు? కిటికీ లేని లోపలి గదిలోనూ అదే మంచం, అదే బాత్రూమ్. భోజనం అందరికీ ఒకే డైనింగ్ హాల్లో. తేడా అంతా అద్దం తలుపు అవతల ఉన్న ఆ నాలుగడుగుల చోటులోనే ఉంది. పొద్దున్నే లేచి, తల కూడా దువ్వుకోకుండా కాఫీ కప్పు పట్టుకుని అక్కడ కూర్చోవచ్చు, కాళ్లు చాపుకుని గంటల తరబడి నీళ్లను చూస్తూ ఉండిపోవచ్చు. మనం కట్టేది దీనికే. ఈ కూర్చునే సుఖాన్నే కంపెనీలు ఒక్కో వస్తువూ తీసేస్తూ తగ్గించేస్తున్నాయి. మొన్న అమ్మతో కలిసి చేసిన అలాస్కా ప్రయాణంలో అది బాగా అనుభవమైంది.

మాది ఓడ మధ్య భాగంలో, లైఫ్‌బోట్ల వరసకు బాగా పైన ఉన్న మామూలు బాల్కనీ క్యాబిన్. గదికి వంక పెట్టడానికి లేదు. పరుపు బాగుంది, సూట్‌కేసులు మంచం కిందికి పట్టేశాయి, షవర్‌లో వేడినీళ్లు ఏ వేళకైనా వచ్చాయి. నిరాశంతా బాల్కనీ తలుపు తీశాకే. నిటారుగా ఉండే రెండు కుర్చీలు, వాటి మధ్య ఒక బుల్లి టేబుల్. అంతే. కుర్చీ ఇనుప చట్రానికి ప్లాస్టిక్ వల బిగించి ఉంది. పావుగంట కూర్చుంటే ముందు అంచు తొడల కింద ఒత్తుకుంటుంది. వీపు వెనక్కి వాలదు. కుషన్ లేదు, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌స్టూల్ లేదు. టేబుల్ మీద రెండు కప్పులు పెడితే కళ్లజోడు ఒళ్లో పెట్టుకోవాల్సిందే. బాల్కనీ నేల ఎండకు రంగు వెలిసింది గానీ, ఒక పక్కన మాత్రం నాలుగు ముదురు మచ్చలు పొడుగ్గా, ఎడంగా కనిపించాయి. ఒకప్పుడు అక్కడ వెనక్కి వాల్చుకునే పొడుగు కుర్చీ ఉండేదని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఇదే కేటగిరీ ఫొటోలో ఆ కుర్చీ, దాని మీద నీలం కుషన్, ముందర ఫుట్‌స్టూల్ ఇప్పటికీ ఉన్నాయి.

కుర్చీ గురించి ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కాళ్లు కిందికి పెట్టుకుని ఎక్కువసేపు కూర్చుంటే పాదాలు వాచిపోతాయి. పై డెక్‌ల మీద జనంలో నిలబడలేదు, మెట్లు ఎక్కలేదు. ఆవిడ కోసమే బాల్కనీ క్యాబిన్ తీసుకున్నాను.

రేవుల సంగతి త్వరగా చెప్పేస్తాను. జునోలో మెండెన్‌హాల్ హిమానీనదం దాకా బస్సులో వెళ్లవచ్చు, నడక తక్కువ, పెద్దవాళ్లకు వీలుగా ఉంటుంది. స్కాగ్‌వేలో బంగారం వేట రోజుల్లో వేసిన వైట్ పాస్ రైలు ఉంది. సీట్లో కూర్చుంటే చాలు, కొండలూ లోయలూ కళ్లముందుకు వస్తాయి. అమ్మకు ఈ యాత్రలో అన్నిటికంటే హాయిగా గడిచింది ఆ రైల్లోనే. కెచికాన్‌లో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం, గొడుగు కన్నా టోపీ ఉన్న రెయిన్‌కోటే మేలు. మూడు చోట్లా ఓడ దిగడం, ఎక్కడం సాఫీగా జరిగింది. వీల్‌చైర్ అడిగితే గ్యాంగ్‌వే, అంటే ఓడ ఎక్కి దిగే వంతెన దగ్గర, వెంటనే ఇచ్చారు, తోసుకెళ్లడానికి మనిషిని కూడా పంపారు. ఈ విషయంలో వాళ్లను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

అసలు ప్రయాణమంతా ఒక ఎత్తు, గ్లేసియర్ బే ఒక ఎత్తు. అక్కడ రేవు ఉండదు, దిగడం ఉండదు. ఆ రోజంతా ఓడే మన వాహనం, బాల్కనీయే మన సీటు. ఈ నేషనల్ పార్క్‌లోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలకే అనుమతి. పార్క్ రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కుతారు, దారి పొడవునా మైకులో వివరాలు చెబుతారు. 1794లో బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకోవర్ బృందం వచ్చినప్పుడు ఇక్కడ చిన్న వంపు తప్ప ఖాతమే లేదట, అంతా మంచే. ఆ మంచు వెనక్కి తగ్గుతూ పోతే వంద కిలోమీటర్ల పైచిలుకు నీటిదారి తెరుచుకుంది. దాని చివర మార్జరీ హిమానీనదం ఉంది. దాని ముఖం నీటిపైన సుమారు 250 అడుగుల ఎత్తు. ఓడ దాని ఎదుట ఆగి, నిలబడ్డ చోటే మెల్లగా తిరుగుతుంది. అందుకని ఈ చోటు విషయంలో ఎడమ వైపు బాల్కనీయా, కుడి వైపుదా అని టెన్షన్ పడనక్కర్లేదు, రెండు వైపులవాళ్లకూ కనిపిస్తుంది.

మంచు గోడ నుంచి ఒక ముక్క ఊడి నీళ్లలో పడడం ముందు కళ్లకు కనిపిస్తుంది. చప్పుడు ఆ తర్వాత వస్తుంది, పిడుగు పడ్డట్టు. నీలిరంగు పెచ్చు జారడం, నీళ్లు పైకి ఎగజిమ్మడం, అప్పుడు ఆ మోత. దీన్ని చూడాలంటే ఓపిగ్గా కూర్చోవాలి. ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అమ్మ శాలువా కప్పుకుని పొద్దుటి నుంచే ఆ కుర్చీలో కూర్చుంది. నేను ఒక సూట్‌కేసు పడుకోబెట్టి, దాని మీద దిండు వేసి, కాళ్లు పైకి పెట్టించాను. సూట్‌కేసు ఎత్తు సరిపోలేదు, పైగా నున్నటి డెక్ మీద జారిపోతోంది. నడుము ఆనించుకుందామంటే వీపు భాగం నిలువుగా ఉంది. రెండు గంటలకే ఆవిడ ముఖంలో నొప్పి తెలిసిపోయింది. ‘నువ్వు చూడమ్మా, నేను కాస్త నడుం వాల్చుకుంటాను’ అని లోపలికి వెళ్లిపోయింది. ఓడ సరిగ్గా మార్జరీ ముందు నిలబడినప్పుడు అమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని, రెండు అద్దాల లోంచి చూస్తోంది. తలుపు అద్దం ఒకటి, దాని అవతల రెయిలింగ్ అద్దం. ఆ రెండో దాని మీద ఉప్పు మరకలు తెల్లగా కట్టి ఉన్నాయి, ఓడెక్కిన రోజు నుంచి ఎవరూ తుడవలేదు. అంత డబ్బు పోసి బాల్కనీ తీసుకుంటే మా అమ్మ దాన్ని మంచం మీంచి చూడాల్సి వచ్చింది. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

మా గది చూసుకునే క్యాబిన్ స్టీవార్డ్ మీద మాత్రం ఒక్క మాట పడనివ్వను. అడిగిన వెంటనే దుప్పట్లు మడిచి తెచ్చి కుర్చీలో వేశాడు. పొడుగు కుర్చీలు, ఫుట్‌స్టూళ్లు గత మరమ్మతుల్లో మా అంతస్తు నుంచి తీసేశారని, ఇప్పుడు ఖరీదైన సూట్ గదుల్లోనే ఉన్నాయని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇదివరకు రోజుకు రెండుసార్లు వచ్చి గది సర్దేవాళ్లు, ఇప్పుడు ఒకసారే. అతని కిందికి గదులు పెరిగాయి, సమయం పెరగలేదు. రెయిలింగ్ అద్దం తుడవడానికి ఆ మనిషికి తీరిక ఎక్కడిది? ఈ ఒకసారి సర్వీసు పద్ధతి ఈ ఓడకే పరిమితం కాదు, మరికొన్ని పెద్ద కంపెనీలు కూడా కొన్నేళ్లుగా మామూలు క్యాబిన్లకు ఇదే అమలు చేస్తున్నాయి. మా ఓడలో మాత్రం రోజువారీ టిప్స్ ఏమీ తగ్గలేదు, వాటంతట అవే బిల్లులో పడుతూనే ఉన్నాయి.

గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో అడిగితే వచ్చిన జవాబు: భద్రతా నియమాలు. ఇక్కడ కాస్త ఆగి అసలు విషయం చెప్పాలి, ఎందుకంటే ఈ జవాబు ఇంకా చాలామందికి ఎదురవుతుంది. బాల్కనీలకు అగ్నిప్రమాద నియమాలు ఉన్న మాట నిజం. 2006 మార్చిలో కరీబియన్ సముద్రంలో స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో ఒక బాల్కనీలో మంట మొదలైంది. ఆర్పకుండా పారేసిన సిగరెట్ వల్లే కావచ్చని దర్యాప్తులో తేల్చారు. బాల్కనీల మధ్య అడ్డుగోడలు, నేల పలకలు, కుర్చీలు అన్నీ ప్లాస్టిక్ రకాలు కావడంతో నిమిషాల్లో మంట పై అంతస్తులకు ఎగబాకింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఆ తర్వాత అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందాన్ని సవరించారు, 2008 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. బాల్కనీలో పెట్టే ఫర్నిచర్ తేలిగ్గా అంటుకోని రకానిదై ఉండాలి, లేదంటే అక్కడ నీళ్లు చిమ్మే ఏర్పాటు, మంటను పసిగట్టే పరికరాలు ఉండాలి. నియమం చెప్పేది ఇదే. కుర్చీ దేనితో చేశారన్నదే ప్రశ్న, వెనక్కి వాలకూడదని గానీ కాళ్లు చాపకూడదని గానీ ఎక్కడా లేదు. ఇనుప చట్రం మీద వల బిగించిన పొడుగు కుర్చీకి, అదే చట్రం, అదే వల ఉన్న నిటారు కుర్చీకి అగ్ని విషయంలో తేడా ఏముంటుంది? సూట్ గదుల బాల్కనీల్లో అవే కుర్చీలు కుషన్లతో సహా ఉన్నప్పుడు ఆ నియమం మా గదికే ఎలా వర్తిస్తుంది? కౌంటర్‌లో ఉన్న అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆమెను నిలదీయడం న్యాయం కాదనిపించి వచ్చేశాను.

బాల్కనీలో సిగరెట్ మీద నిషేధాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. గాలి ఎక్కువైనప్పుడు కుర్చీలు లోపలికి తీసేయడం, తుపాను రోజు బాల్కనీకి రావద్దనడం, ఇవన్నీ సరైనవే. ప్రాణాల కోసం పెట్టిన ఇబ్బందిని ఎవరైనా ఓర్చుకుంటారు. ఖర్చు మిగుల్చుకోవడానికి పెట్టిన ఇబ్బందికి అదే పేరు తగిలిస్తేనే ఒళ్లు మండుతుంది.

అసలు కారణం ఊహించడం కష్టమేం కాదు. 1984లో వచ్చిన రాయల్ ప్రిన్సెస్ అనే ఓడలో గదులన్నీ సముద్రం వైపే ఉండడం అప్పట్లో గొప్ప విశేషం. బాల్కనీ అప్పటికి ఖరీదైన గదుల వైభవమే. 1998లో గ్రాండ్ ప్రిన్సెస్ ఏడు వందలకు పైగా బాల్కనీలతో వచ్చింది. ఇప్పుడు పెద్ద ఓడల్లో సగానికి మించి క్యాబిన్లు అవే. వెయ్యిన్నర బాల్కనీలుంటే మూడు వేల కుషన్లు. సముద్రపు తేమకు అవి తడుస్తాయి, బూజు పడతాయి, ఎండబెట్టాలి, గాలొస్తే దాచాలి. ఒక్కో బాల్కనీ వెడల్పు కాస్త తగ్గిస్తే వరసలో ఇంకొన్ని గదులు పడతాయి, అప్పుడు పొడుగు కుర్చీ పట్టదు. లెక్క వాళ్లకు సరిపోతుంది. సరే, వ్యాపారం. అయితే ఆ సంగతి ఫొటోలో, బుకింగ్ పేజీలో చెప్పి అమ్మాలి. బాల్కనీ ధర మాత్రం పూర్తిగా తీసుకుని, ఫొటో పాతదే ఉంచి, ఎక్కాక నిటారు కుర్చీ చూపించడం నిజాయితీ కాదు.

ఇంతకుముందు అమ్మతోనే నార్వే ఫియర్డ్‌ల వైపు, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల వైపు, వెళ్లాం. అది పాత ఓడ, గది దీనికంటే ఇరుకు, కార్పెట్ మాసిపోయింది, లిఫ్ట్ కోసం చాలాసేపు ఆగాలి. కానీ బాల్కనీలో ఒక వాలు కుర్చీ, ఒక మామూలు కుర్చీ, గట్టి ఫుట్‌స్టూల్ ఉండేవి. గైరాంగర్ ఫియర్డ్‌లో రెండు పక్కలా కొండలు దగ్గరగా వచ్చి, జలపాతాలు కిందికి దూకుతుంటే అమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు. కొత్త ఓడలో హంగులు ఎన్ని ఉన్నా, అమ్మతో వెళ్లాల్సి వస్తే నేను ఆ పాత ఓడకే ఓటేస్తాను.

బాల్కనీ అన్న పేరు చూసి ఆగిపోకండి, అది ఏ రకమో చూడండి. 2009లో వచ్చిన ఓయాసిస్ ఆఫ్ ద సీస్ లాంటి ఓడల్లో కొన్ని బాల్కనీలు ఓడ మధ్యలోని తోట వైపు ఉంటాయి, సముద్రం వైపు కాదు. 2018 నాటి సెలబ్రిటీ ఎడ్జ్‌లో చాలా గదులకు విడిగా బాల్కనీ లేదు. బటన్ నొక్కితే పై సగం అద్దం కిందికి దిగి గది చివరే బాల్కనీ అవుతుంది. చలికీ వానకూ అది బాగానే పనికొస్తుంది, నాకు మాత్రం కిటికీ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. నదుల మీద తిరిగే ఓడల్లో ఫ్రెంచ్ బాల్కనీ అంటే తలుపు, దానికో రెయిలింగ్, అంతే. అడుగు పెట్టే చోటుండదు. సముద్రపు ఓడల్లో వెనక భాగంలోని బాల్కనీలు సాధారణంగా లోతుగా ఉంటాయి, గాలి కూడా తక్కువ. కొన్ని ఓడల్లో పొగగొట్టం మసి పడుతుంది, అదొక్కటే ఇబ్బంది. ముందు వైపువి తప్పించండి. ఓడ 20 నాట్ల వేగంతో, అంటే గంటకు 37 కిలోమీటర్లతో పోతుంటే ఎదురుగాలికి అక్కడ కూర్చోవడం కష్టం.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, నొప్పులుంటే, డబ్బు కట్టకముందే కంపెనీలో ప్రత్యేక అవసరాలు చూసే విభాగానికి మెయిల్ పెట్టి ఆ గదిలో ఏ కుర్చీలు ఉన్నాయో అడగండి. ఫోన్లో చెప్పినమాట ఓడెక్కాక ఎవరికీ గుర్తుండదు, జవాబు రాతలో ఉండాలి. ఎక్కిన మొదటి రోజే అడిగితే ఖాళీ గదుల్లోంచి ఫుట్‌స్టూల్ దొరికే అవకాశం ఉంది. ఓడ నిండుగా ఉంటే అదీ ఉండదు, మాకు దొరకలేదు.

ప్రయాణం అయ్యాక వచ్చిన సర్వేలో భోజనం, వినోదం, శుభ్రత, సిబ్బంది అన్నిటికీ మార్కులు అడిగారు. బాల్కనీ మాట ఎక్కడా లేదు. చివర వ్యాఖ్యల గడిలో జరిగిందంతా రాసి, వెబ్‌సైట్‌లోని పాత ఫొటో, మా బాల్కనీ ఫొటో పక్కపక్కనే పెట్టి విడిగా మెయిల్ కూడా చేశాను. మీ అభిప్రాయం మాకు విలువైనదని జవాబు వచ్చింది. పాత ఫొటో మాత్రం ఇంకా మార్చలేదు.