ఆరేళ్లుగా గంధం రంగు గోడల మధ్య

మా ఇల్లు హనుమకొండలో. 2019లో దసరాకు ముందు లోపలంతా గంధం రంగు వేయించాం. షాపువాళ్లు బేజ్ అన్నారు, పెయింటర్ బిస్కెట్ కలర్ అన్నాడు. ఆరేళ్లు దాటినా హాల్లో కూర్చున్నవాళ్లు షేడ్ నంబర్ అడుగుతూనే ఉంటారు. నంబర్ ఇస్తాను. కానీ ముందు మీ ఇంట్లో బండలు ఏ రంగువి, కిటికీలు ఎటువైపు ఉన్నాయి అని అడుగుతాను. ఎందుకంటే ఒకే డబ్బాలోని రంగు మా ఇంట్లోనే రెండు గదుల్లో రెండు తీర్లుగా కనిపించింది.

షాపులో ట్యూబ్‌లైట్ కింద షేడ్ కార్డు చూసి ఎంచుకున్నాను. వేలెడంత ముక్క. హాలుకు వేస్తే చక్కగా కుదిరింది. పడమటి కిటికీ, నేల మీద ఐవరీ టైల్స్, టేకు తలుపులు. సాయంత్రం ఎండ పడితే గోడ గోధుమపిండి ముద్దలా మెత్తగా కనిపించేది. అదే రంగు ఉత్తరం వైపు పడక గదికి వేశాక మర్నాడు పొద్దున అత్తమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "గిదేంది బిడ్డా, గంధం రంగన్నవు, గోడ గులాబి కొడ్తున్నది?" నిజమే. గంధం కాదు, పాలిపోయిన గులాబి.

రంగు తప్పు కలిపారని షాపుకు వెళ్లాను. మిషన్ దగ్గరున్న అబ్బాయి ఓపిగ్గా ఫార్ములా చీటీ చూపించాడు. తెల్ల బేస్‌లో పసుపు ఆక్సైడ్, ఎర్ర ఆక్సైడ్, చిటికెడు నలుపు. అంతే. ఏ గంధం రంగైనా దాదాపు ఈ మూడింటి పాళ్ల తేడానే. ఎర్ర ఆక్సైడ్ అంటే మనకు కొత్తదేం కాదు. మా అమ్మమ్మ సంక్రాంతికి ముందు సున్నం వేసిన గోడ అడుగున పూసే జాజులో ఉన్నదీ అదే ఇనుప ఎరుపు. నేను ఎంచుకున్న షేడ్‌లో ఆ ఎరుపు పాలు కాస్త ఎక్కువ. పడమటి ఎండ పసుపు దాన్ని కప్పేసింది. ఉత్తరం గదిలోకి ఏడాదిలో చాలావరకు నేరుగా ఎండ రాదు, ఆకాశం నుంచి నీలి వెలుగు వస్తుంది. దానికి తోడు ఆ గదిలో నేలంతా నీలం తిరిగిన తాండూరు బండ. చల్లని రంగు పక్కన పెడితే వెచ్చని రంగు ఇంకా వెచ్చగా కనబడుతుంది. ఎరుపు బయటపడింది.

ఇక్కడి నుంచి తొందరపడలేదు. తెల్ల కాగితం ఒకటి షేడ్ కార్డు పక్కన పెట్టి చూస్తే ఏ గంధం రంగు ఎటు తిరిగిందో తెలుస్తుంది. ఒకటి గులాబికి, ఒకటి పసుపుకు, ఒకటి పచ్చకు. విడిగా చూస్తే మూడూ ఒకటే అనిపిస్తాయి. పసుపుకు తిరిగిన రెండు షేడ్లు చిన్న డబ్బాలు తెచ్చి, గోడ మీద కాదు, రెండడుగుల ప్లైవుడ్ ముక్కల మీద రెండు కోటింగులు వేశాను. గోడ మీద వేస్తే చుట్టూ ఉన్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది, పైగా ముక్కను జరపలేం. ఆ చెక్కల్ని వారం రోజులు గదంతా తిప్పాను. పొద్దున బీరువా పక్కన, మధ్యాహ్నం కిటికీకి ఎదురుగా, రాత్రి లైటు కింద. నేలకు ఆనించి నిలబెట్టి చూడటం ముఖ్యం, గోడ నేలను తాకే చోటే తేడా తేలుతుంది. ఒక షేడ్ మధ్యాహ్నం పచ్చగా మారింది. కిటికీ బయటి వేపచెట్టు నీడ అది. రెండోది నిలిచింది.

మళ్లీ వేసేటప్పుడు లెక్క చూసుకున్నాం. గది 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, ఎత్తు 10. తలుపులు, కిటికీలు పోను దాదాపు 390 చదరపు అడుగుల గోడ. మా డబ్బా మీద లీటరుకు రెండు కోటింగులతో 120 నుంచి 140 చదరపు అడుగులు అని ఉంది. మాకు మూడున్నర లీటర్లు పట్టింది. విడివిడి డబ్బాల్లో వస్తే అన్నీ ఒకే పెద్ద బకెట్‌లో పోసి కలిపాకే మొదలుపెట్టించండి. ఒక డబ్బాకు ఇంకో డబ్బాకు రవ్వంత తేడా ఉన్నా, ముదురు రంగుల్లో దాగుతుందేమో గానీ లేత గంధం రంగులో గోడ మధ్యలో గీతలా నిలబడుతుంది. మూత మీది ఫార్ములా స్టిక్కర్‌కు ఫోటో తీసి పెట్టుకోండి.

లైట్ల గురించి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. మన ఇళ్లలో ఎక్కువగా పెట్టే తెల్ల ఎల్‌ఈడీ 6500 కెల్విన్. కెల్విన్ అంటే వెలుగు రంగును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుకు తిరుగుతుంది. దాని కింద రాత్రి మా గోడలు తడి సిమెంటులా, జీవం లేకుండా ఉండేవి. హాల్లో, పడక గదుల్లో 3000 కెల్విన్‌వి పెట్టించాక గంధం రంగు రాత్రి కూడా గంధం రంగులాగే ఉంది. ఈ అంకె బల్బు పెట్టె మీదే రాసి ఉంటుంది. పిల్లలు చదువుకునే బల్లకు, వంటింటికి మాత్రం 4000. అక్కడ 3000 పెడితే కూరగాయల రంగు సరిగా తెలియడం లేదని మా ఆయన పట్టుబట్టాడు, ఆయన మాటే సరైంది.

సీలింగ్‌కు మొదట మంచు తెలుపు వేశారు. గోడ పక్కన అది కోసుకుపోయినట్టు కనిపించింది. పడక గదికి మళ్లీ వేసేటప్పుడు గోడ షేడ్‌నే నాలుగో వంతు పాళ్లతో కలిపించి సీలింగ్‌కు వేయించాను. షాపులో అడిగితే అలా కలిపిస్తారు. గోడ ఎక్కడ ఆగిందో, పైకప్పు ఎక్కడ మొదలైందో తెలియనంత నెమ్మదిగా కలిసింది, గది ఎత్తు పెరిగినట్టుంది. పరదాల విషయంలోనూ అంతే. తెల్లటి పరదాలు వేసినన్నాళ్లు గోడలు మాసినట్టు కనిపించాయి. రంగు వేయని కోరా నూలు గుడ్డ తెచ్చి కుట్టించాక గోడ శుభ్రంగా కనిపించింది. నేల మీద వరంగల్ కొత్తవాడలో కొన్న జంపఖానా పరిచాం, ముదురు నీలం, ఇటుక ఎరుపు చారలు. ఇంట్లో గాఢమైన రంగు అదొక్కటే. గోడ నెమ్మదిగా ఉంది కాబట్టి ఆ నేత పనితనం కంటికి ఆనుతుంది. ఒక గోడకు ముదురు రంగు కొట్టించమని చాలామంది చెప్పారు, నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

ఆరేళ్ల వాడకంలో ఏం నిలిచింది? రంగు వెలవలేదు. పడమటి ఎండ రోజూ పడే గోడ మీద క్యాలెండర్ తీసి చూస్తే కింద ముదురు చతురస్రం లేదు. ఇనుప ఆక్సైడ్లు ఎండకు తట్టుకుంటాయి, అందుకే. మరకల సంగతి వేరు. దివాన్ వెనక తల ఆనించే చోట కొబ్బరినూనె పట్టీ. స్విచ్ బోర్డుల చుట్టూ వేళ్ల గుర్తులు. హాలుకు కొంచెం మెరుపున్న రకం వేయించాం కాబట్టి తడిగుడ్డతో, చాలా కొద్దిగా సబ్బుతో తుడిస్తే చాలావరకు పోయాయి. పడక గదికి మెరుపు లేని మ్యాట్ వేశాం. లప్పం ఎగుడుదిగుళ్లు బాగా దాచింది గానీ, నూనె మరక రుద్దితే ఆ చోటు నున్నబడి మెరుస్తోంది. చిన్న పిల్లలున్న ఇంట్లో మ్యాట్ వద్దనే అంటాను.

మూడో ఏట దాచిన రంగుతో టచప్ చేయించాను. అదే డబ్బా, అదే రంగు, అయినా అతుకు వేసినట్టు తేలింది. గోడ మూడేళ్ల దుమ్ము, పొగ పీల్చింది, డబ్బాలోది పీల్చలేదు. ఆ తర్వాత ఎక్కడ పాడైనా ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడ మొత్తం వేయిస్తున్నాం. స్నానాల గదికి ఆనుకున్న గోడ మాత్రం ఇప్పటికి రెండుసార్లు ఉబ్బి, తెల్లగా ఉప్పు తేలింది. అది పైపు కారుడు, ఏ రంగు వేసినా ఆగదు. ముందు ప్లంబర్‌ను పిలవాలి.

కిటికీ చట్రాలకు వేసిన తెల్ల ఆయిల్ పెయింట్ ఏటేటా పసుపు తిరుగుతోంది, వెలుగు తక్కువున్న పడక గదిలో ఇంకాస్త ఎక్కువగా. గోడల పక్కన ఆ పసుపు ఎబ్బెట్టుగా లేదు, అందుకని ముట్టుకోలేదు. ఇంకొకటి ఇన్నేళ్లు ఆ గదిలో పడుకుంటే గానీ గమనించలేదు. ఎండాకాలంలో పొద్దు ఉత్తరానికి జరుగుతుంది కదా, మే, జూన్ నెలల్లో పొద్దున కాసేపు ఏటవాలు ఎండ ఆ ఉత్తరపు కిటికీలోంచి వచ్చి బీరువా పక్క గోడ మీద పడుతుంది. అప్పుడు ఆ గోడ హాలు గోడలాగే కనిపిస్తుంది. అత్తమ్మ ఆ టైముకు కుర్చీ తెచ్చుకుని అక్కడే కూర్చుని పూలు కడుతుంది.

ఆ ప్లైవుడ్ చెక్కలు రెండూ ఇన్నాళ్లూ బీరువా వెనకే ఉన్నాయి. పోయిన నెల మా ఆడబిడ్డ కొత్త ఇంటికి ఆ రెండోదాన్ని ఇచ్చి పంపాను. వాళ్ల నేల నల్ల కడప బండ. వారం చూశాక ఫోన్ చేసి, మీ రంగు మా ఇంట్లో పసుపెక్కువైంది వదినా, ఇంకో షేడ్ చూస్తున్నా అంది.