వడదెబ్బకు చలివేంద్రమా, తలుపు తట్టడమా: ఏది మేలు?

ఎండలు ముదిరాయంటే మా నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు సెంటర్లలో చలివేంద్రాలు వెలుస్తాయి. కుండల్లో చల్లటి నీళ్లు, దాతలు దొరికిన రోజు మజ్జిగ. బస్సు కోసం నిలబడ్డవాళ్లకు, ఆటో డ్రైవర్లకు అవి ప్రాణం నిలుపుతాయి. ఖర్చూ తక్కువే. వాటిని ఎత్తేయమని ఎవరూ అనరు. కానీ పంచాయతీకి ఉన్న కాస్త డబ్బును, మనుషులను ముందు దేనికి వాడాలని అడిగితే, ఇంటింటికీ వెళ్లి చూసి రావడానికే అంటాను.

2015 మే ఆఖర్లో, రోహిణి కార్తె రోజుల్లో, ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా పోయారు. మరణాలు ఎక్కువ నమోదైన జిల్లాల్లో మన పక్కనున్న ప్రకాశం ఒకటి. పోయినవాళ్లలో ముసలివాళ్లు, కూలీలే ఎక్కువ. మా వీధి అవ్వ కూడా ఆ వారమే పోయింది. రేకుల ఇంట్లో ఒక్కతే ఉండేది. చలివేంద్రం నాలుగు ఇళ్ల అవతలే. పొద్దున పలకరిస్తే "దాహం లేదులే నాయనా" అంది, మేమూ సరే అనుకున్నాం. వయసు మీదపడే కొద్దీ దాహం తెలియడం తగ్గుతుందని, బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపేస్తాయని మాకు అప్పుడు తెలియదు.

చలివేంద్రంలో ఎన్ని కుండలు ఖాళీ అయ్యాయో తెలుస్తుంది, ఎవరు రాలేదో తెలియదు. ఆసుపత్రి లెక్కదీ అదే ఇబ్బంది. వేసవిలో వడదెబ్బ కేసులు రోజూ నమోదు చేస్తారు, కానీ ఇంట్లోనే కన్నుమూసిన మనిషి అందులోకి ఎలా ఎక్కుతుంది? తలుపు తట్టి చూస్తే సాయం అందుతుంది, ఆ ఊరి అసలు లెక్కా దొరుకుతుంది.

ఇది తేలికేం కాదు. ఆశా కార్యకర్తలకు ఇప్పటికే తలకు మించిన పని, వాళ్లూ ఆ ఎండలోనే తిరగాలి. అందుకే ఫిబ్రవరిలోనే ఒంటరి ముసలివాళ్ల, బీపీ, షుగర్ ఉన్నవాళ్ల జాబితా రాసుకుని, ఏ వీధి వాళ్లను ఆ వీధి డ్వాక్రా మహిళలకే అప్పగించాలి. వడగాడ్పుల ప్రకటన కోసం ఆగకూడదు. వాతావరణ శాఖ ఆ మాట అనాలంటే మైదానంలో కనీసం 40, తీరంలో 37 డిగ్రీలు దాటాలి, పైగా 45కి చేరకపోతే మామూలు కంటే బాగా ఎక్కువ ఉండాలి. సముద్రం ఒడ్డున మైపాడు వైపు ఉక్కపోతకు చెమట ఆరదు కాబట్టి అంతకంటే ముందే మనిషి సోలిపోవచ్చు.

ఉపాధి పనికి, చీమకుర్తి క్వారీలకు వెళ్లేవాళ్లకు చలివేంద్రం, తలుపు తట్టడం రెండూ చాలవు. పొద్దెక్కకముందే పని ముగిసేలా వేళలు మార్చాల్సిందే.

మధ్యాహ్నం రెండు దాటాక ఒక్కసారి వెళ్లి పేరు పెట్టి పలకరించండి. మాట తడబడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. అది వచ్చేలోపు నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసురుతూ ఉండండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పోయకండి.